వారం మధ్యలో చికెన్ క్యాసరోల్: ఓవెన్‌లో ఒకే గిన్నె వంట, నీళ్ల లెక్కతో సహా

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరి, ఎనిమిదింబావుకల్లా నలుగురికి వడ్డించాలి. హన్మకొండలో మా ఇంటి లెక్క ఇది. మా ఆయన సికింద్రాబాద్ నుంచి వచ్చి కాజీపేటలో రైలు దిగి ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది. పిల్లలకు ఏడింటికే ఆకలి మొదలవుతుంది. ఈలోగా కోడికూర చేయాలంటే రెండు పొయ్యిల ముందు గంటసేపు నిలబడాల్సిందే. కూర అడుగంటకుండా కలుపుతూ, అన్నం చూసుకుంటూ, మధ్యలో ఎవరైనా తలుపు కొడితే పరుగెత్తుతూ. ఆ నిలబడటం తప్పించుకోవడానికే నేను క్యాసరోల్ నేర్చుకున్నాను. చేతికి ఇరవై అయిదు నిమిషాల పని, ఆ తర్వాత గంటసేపు ఓవెన్ పని. బియ్యం, చికెన్, సాస్ అన్నీ ఒకే గిన్నెలో పెట్టి లోపలికి పంపితే అన్నం, మాంసం కలిసే ఉడికి వస్తాయి.

మా అత్తమ్మ మొదటిసారి చూసినప్పుడు "గిది దమ్ బిర్యానీ లెక్కనే ఉన్నది గద బిడ్డా" అన్నది. సరిగ్గా పట్టుకున్నది. పచ్చి మాంసం, బియ్యం, మూత బిగించిన గిన్నె, బయటికి పోని ఆవిరి. పద్ధతి అదే. దమ్‌లో నిప్పు గిన్నె కింద, మూత మీద పెడతాం. ఓవెన్‌లో వేడి గిన్నెను అన్ని వైపుల నుంచీ పట్టుకుంటుంది, అందుకే మధ్యలో కలపకపోయినా అడుగంటదు. రుచి మాత్రం బిర్యానీది కాదు. ఇందులో మసాలా తక్కువ, పాలు, వెన్న ఎక్కువ. మెత్తగా, కమ్మగా, పైన కరకరలాడే పొరతో ఉంటుంది. కారం తినలేని పిల్లలు, పళ్లు సరిగా లేని పెద్దవాళ్లు కూడా ఇష్టంగా తింటారు.

అమెరికా ఇళ్లల్లో ఇది రోజువారీ వంటగా మారడానికి రెండు వస్తువులు బాగా తోడ్పడ్డాయి. 1915లో కార్నింగ్ కంపెనీ తెచ్చిన పైరెక్స్ గాజు గిన్నె ఒకటి, 1934లో క్యాంప్‌బెల్ కంపెనీ అమ్మకానికి పెట్టిన డబ్బా మష్రూమ్ సూప్ రెండోది. వండిన గిన్నెతోనే వడ్డించొచ్చు, డబ్బా విప్పితే సాస్ సిద్ధం. ఆ డబ్బా సూప్ చేసే పని నిజానికి చిన్నది: పిండితో చిక్కబడ్డ పాల సాస్‌గా అన్నిటినీ కలిపి ఉంచడం. ఆ పని మైదా, వెన్న, పాలతో పది నిమిషాల్లో మనమే చేసుకోవచ్చు. రుచి కూడా డబ్బా కంటే బాగుంటుంది.

ముందు గిన్నె సంగతి

మన దగ్గర క్యాసరోల్ అనగానే చపాతీలు వేడిగా ఉంచే హాట్‌బాక్సు గుర్తొస్తుంది. ఆ డబ్బాను ఓవెన్‌లో పెట్టొద్దు. లోపల స్టీలు కనిపించినా బయట ప్లాస్టిక్, మధ్యలో ఫోమ్ ఉంటాయి, కరిగిపోతాయి. ఈ వంటకు కావలసింది ఓవెన్‌లో పెట్టదగిన గిన్నె: బోరోసిలికేట్ గాజుది, పింగాణీది, లేదా ప్లాస్టిక్ పిడి లేని మందపాటి స్టీలు గిన్నె. అల్యూమినియం గిన్నె వద్దు, పెరుగు పులుపుకు లోహం రుచి దిగుతుంది. నలుగురికి రెండున్నర లీటర్ల గిన్నె సరిపోతుంది. లోతు కంటే వెడల్పు ముఖ్యం. బియ్యం, సాస్ కలిపి రెండు అంగుళాల మందం మించితే అంచుల్లో మెత్తబడి నడుమ పలుకు మిగిలిపోతుంది. పైన కనీసం ఒక అంగుళం ఖాళీ ఉంచాలి, లేకపోతే పాలు పొంగి ఓవెన్ అడుగున పడి మాడు వాసన వస్తుంది.

గిన్నె కొనేముందు ఓవెన్ లోపలి వెడల్పు టేపుతో కొలవండి. గిన్నె కొలత పిడులతో కలిపి చూడాలి. నేను పిడులు లెక్కలోకి తీసుకోకుండా కొని, తలుపు మూతపడక తిరిగి ఇచ్చి రావాల్సి వచ్చింది. గిన్నె చుట్టూ రెండు వేళ్ల సందు ఉంటేనే వేడి గాలి తిరుగుతుంది. ముప్ఫై లీటర్ల ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు.

గాజు గిన్నెకు ఒకే ఒక్క శత్రువు ఉంది, అకస్మాత్తుగా మారే వేడి. నా మొదటి గిన్నె పోయింది ఓవెన్‌లో కాదు, బయటికి తీశాక. అప్పుడే తుడిచిన గ్రానైట్ బండ మీద పెట్టాను, కింద చెంచాడు నీళ్లు ఉన్నాయేమో. 'టప్' అని ఒక్క చప్పుడు. నేను గుడ్డ చేతిలోంచి వదిలేలోపే అడుగున వెంట్రుకలాంటి గీత ఒకటి ఈ మూల నుంచి ఆ మూలకు పాకింది, సాస్ బండ మీదికి కారడం మొదలైంది. గాజు పెంకులు ఉంటాయేమోనని అన్నం మొత్తం పారేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఓవెన్ తెరవకముందే బండ మీద చెక్క పలకో, నాలుగు మడతల పొడి గుడ్డో పరిచి పెట్టుకుంటాను. తడి గుడ్డతో వేడి గిన్నె పట్టుకోవడమూ వద్దు, గిన్నెకూ చేతికీ రెండిటికీ ప్రమాదమే. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గాజు గిన్నెను నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకూడదు. గాజు గిన్నెను గ్యాస్ మంట మీద అసలే పెట్టకూడదు.

ఓటీజీ ప్లగ్గు గురించి ఒక మాట. 1500 వాట్ల ఓవెన్ సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లకే. గీజరుకు వాడే పెద్ద సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. కరెంటు బిల్లు గురించి చాలామంది భయపడతారు. గంటా పావు నడిచినా రెండు యూనిట్లు కాదు, ఎందుకంటే వేడి చేరుకోగానే థర్మోస్టాట్ కడ్డీలను ఆపి, చల్లబడ్డాక మళ్లీ వెలిగిస్తుంది. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లో చేయొచ్చు. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో అయితే గిన్నెకు మూతగా వేసే అల్యూమినియం ఫాయిల్ పెట్టకూడదు, పైపొర కూడా ఎర్రబడదు.

ఏమేం కావాలి

కప్పు అంటే 240 మిల్లీలీటర్ల కొలత కప్పు. మీ ఇంట్లో బియ్యం కొలిచే గిలాస ఉంటే దాంతోనే కొలవండి, కానీ బియ్యానికీ నీళ్లకూ పాలకూ అదే వాడాలి. గిలాస పెద్దదైతే చికెన్, ఉప్పు కూడా ఆ మేరకు పెరగాలి.

చికెన్‌కు: ఎముక తీసిన తొడ మాంసం అర కిలో, పెరుగు అర కప్పు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒక టేబుల్ స్పూన్, కారం ఒకటిన్నర టీస్పూన్లు, ధనియాల పొడి ఒక టీస్పూన్, పసుపు పావు టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, ఉప్పు ముప్పావు టీస్పూన్.

అడుగు పొరకు: సన్నబియ్యం ఒకటిన్నర కప్పులు, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, వెన్న రెండు టేబుల్ స్పూన్లు, మైదా ఒక టేబుల్ స్పూన్ నిండుగా, పాలు ఒక కప్పు, నీళ్లు ఒకటిముప్పావు కప్పులు, ఉప్పు ఒకటింపావు టీస్పూన్లు. దీనికి తోడు క్యారెట్ ముక్కలు అర కప్పు, మక్క గింజలు ఒక కప్పు.

పైపొరకు: తురిమిన ఛీజ్ ఎనభై గ్రాములు, రెండు బ్రెడ్ ముక్కల పొడి, ఒక టీస్పూన్ కరిగిన వెన్న, కొత్తిమీర.

చికెన్ విషయంలో తొడ మాంసమే అడగండి. రొమ్ము మాంసం సన్నగా కోసి గంటసేపు ఓవెన్‌లో ఉంచితే పీచులా ఎండిపోతుంది, తొడలో కాస్త కొవ్వు ఉంటుంది కాబట్టి ఇంకో పది నిమిషాలు ఎక్కువైనా మెత్తగానే ఉంటుంది. ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ ముందు ఉండే రద్దీలో ఎముక తీసివ్వమంటే వాళ్లకూ కష్టం. మా ఇంట్లో మంగళ, శనివారాలు నీచు ముట్టరు, అందుకని ఇది బుధవారం, గురువారం వంట. ఆ రోజుల్లో దుకాణం ఖాళీగా ఉంటుంది, ఓపికగా తీసిస్తారు. రెండు అంగుళాల ముక్కలు కొట్టించండి. కూర ముక్కల సైజు అయితే అన్నం ఉడికేలోపు చికెన్ ఎక్కువ ఉడికిపోతుంది. ఎముకతోనే కావాలంటే ఏడువందల గ్రాములు తీసుకుని, మూత పెట్టి ఉంచే సమయం పది, పదిహేను నిమిషాలు పెంచాలి.

రంగు కోసం నేను చపాటా మిర్చి వాడతాను. టమాటాలా లావుగా, ముదురు ఎరుపుగా ఉండే ఈ వరంగల్ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఇలాంటి పాల సాస్ వంటకు దీన్ని మించింది లేదు. నాలుగు ఎండు కాయల గింజలు తీసి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, మెత్తగా రుబ్బి చికెన్‌కు పట్టించండి. అప్పుడు మామూలు కారం అర టీస్పూన్ చాలు. సాస్ గులాబీ రంగు తిరిగి ఎంతో అందంగా ఉంటుంది.

నీళ్ల లెక్క

ఈ వంట చెడిందీ అంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు నీళ్ల దగ్గరే చెడుతుంది. మసాలా ఎక్కువ తక్కువలు సర్దుకోవచ్చు. బియ్యం పలుకుగా ఉండిపోయినా, గంజిలా అయిపోయినా సర్దడం కష్టం. కాబట్టి ఇక్కడ నిదానంగా చదవండి.

ఒకటిన్నర కప్పుల బియ్యానికి పాలు, నీళ్లు కలిపి రెండుముప్పావు కప్పులు. అంటే కప్పు బియ్యానికి రెండు కప్పుల కంటే కాస్త తక్కువ. పొయ్యి మీద గంజి వార్చకుండా అన్నం వండితే ఇంతకంటే ఎక్కువే పోస్తాం కదా, మరి ఇక్కడ ఎందుకు తక్కువ? ఫాయిల్ బిగించాక ఆవిరి బయటికి పోదు, నీళ్లు తగ్గవు. పైగా చికెన్ ఉడికేటప్పుడు తన బరువులో సుమారు నాలుగో వంతు రసంగా వదులుతుంది. అర కిలోకు అది దాదాపు అర కప్పు. పెరుగు తేమ కూడా దీనికి తోడవుతుంది. ఇదంతా బియ్యమే తాగుతుంది, రుచి వచ్చేదీ అక్కడే.

బియ్యం పాతవా కొత్తవా అన్నది రెండో సంగతి. వానాకాలం పంట వడ్లు పట్టించి తెచ్చుకున్న కొత్త బియ్యం తక్కువ నీళ్లు తాగుతాయి, తొందరగా మెత్తబడతాయి. డిసెంబరు, జనవరిలో నేను నీళ్లు పావు కప్పు తగ్గిస్తాను. ఏడాది దాటిన పాత బియ్యమైతే పావు కప్పు పెంచుతాను. సాంబ మసూరి, తెలంగాణ సోనా లాంటి సన్నబియ్యం ఏదైనా బాగుంటుంది. బాస్మతి అక్కర్లేదు, సాస్‌లో దాని పొడుగు కనిపించదు. దొడ్డు బియ్యం మాత్రం ఈ సమయంలో ఉడకవు.

నానబెట్టాలా? నేను నానబెట్టను. కడిగి జల్లెడలో పది నిమిషాలు వార్చి వేస్తాను. నానబెడితే బియ్యం ఎంత నీరు పీల్చుకున్నాయో తెలియక లెక్క తప్పుతుంది. కడిగిన నీళ్లు గిన్నెలో అడుగున మిగిలిపోయినా ఇదే సమస్య.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: సాస్ మరుగుతూ ఉండగానే పోయాలి. చల్లటి సాస్ పోస్తే గిన్నె మొత్తం వేడెక్కడానికే పాతిక నిమిషాలు పడుతుంది, ఈ లోపు బియ్యం నాని పిండిలా అవుతాయి, నడుమ మాత్రం పలుకుగానే ఉంటుంది. నా రెండో ప్రయత్నంలో ఇదే జరిగింది. ఫాయిల్ తీసి చూస్తే చికెన్ చక్కగా ఉడికింది, కింద అన్నం ముద్ద, పైన సాస్‌లో మునగకుండా గిన్నె అంచుకు అంటుకున్న గింజలు మాత్రం తెల్లగా, పంటి కింద రాయిలా ఉన్నాయి. మా పెద్దబ్బాయి ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా మంచినీళ్లు తాగాడు. అప్పటి నుంచి సాస్ పోశాక అంచుల మీది గింజలను చెంచాతో కిందికి తోసి, ఒక్క గింజ కూడా బయట లేదని చూసుకున్నాకే ఫాయిల్ వేస్తాను.

పొద్దున అయిదు నిమిషాలు

ఆఫీసుకు వెళ్లేముందు చికెన్‌లో పెరుగు, అల్లం ఎల్లిగడ్డ, కారం, ఉప్పు, పొడులన్నీ కలిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. కింది అర ఎందుకంటే, ఒకవేళ రసం కారినా కూరగాయల మీద, పాల మీద పడదు.

పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడగడం మనందరి అలవాటు. నీళ్లతో మురికి పోతుంది గానీ సూక్ష్మజీవులు పోవు, అవి తుంపరలతో సింకు చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ ఉడికితేనే చస్తాయి. కడగకుండా మనసొప్పకపోతే కుళాయి ధార కింద కాకుండా గిన్నెడు నీళ్లలో మెల్లగా ముంచి తీయండి, ఆ తర్వాత సింకు, చేతులు, కత్తిపీట సబ్బుతో కడగండి. కొత్తిమీర తరిగే పని ఏదైనా ఉంటే చికెన్ ముట్టుకోకముందే చేసుకోవాలి.

బియ్యం, సాస్ కూడా పొద్దునే కలిపి పెట్టేద్దాం అనిపిస్తుంది. వద్దు. సాయంత్రానికి బియ్యం సాస్ మొత్తం తాగేస్తాయి.

సాయంత్రం, ఆరుముప్పావు నుంచి

ముందుగా ఓవెన్ వెలిగించండి. పైనా కిందా రెండు కడ్డీలూ, 190 డిగ్రీలు, జాలీ నడుమ అరలో. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఖాళీగా వేడెక్కాలి. చిన్న ఓటీజీల్లో ముల్లు చూపే అంకెకూ లోపలి వేడికీ పది, ఇరవై డిగ్రీల తేడా ఉండటం మామూలే, నాలుగైదుసార్లు వండాక మీ ఓవెన్ గుణం మీకే తెలుస్తుంది. మాది కాస్త చల్లది, ముల్లు 200 దగ్గర పెడతాను.

ఫ్రిజ్‌లోంచి చికెన్ తీసి బయట పెట్టండి. బియ్యం కడిగి వార్చండి. ఉల్లిగడ్డ సన్నగా తరగండి.

మందపాటి కడాయిలో వెన్న కరిగించి ఉల్లిగడ్డ వేసి, మధ్యస్థంగా మంట పెట్టి ఐదారు నిమిషాలు వేయించండి. ఎర్రగా కాదు, అద్దంలా మెత్తబడితే చాలు. మంట తగ్గించి మైదా చల్లి, పచ్చి వాసన పోయేదాకా ఒకటిన్నర నిమిషం కలపండి. మైదా రంగు మారనివ్వొద్దు. ఇప్పుడు పాలు పోయాలి, కానీ ఒకేసారి కాదు. మొదట పావు కప్పు పోసి గరిటెతో గట్టిగా కలిపితే ముద్దలా అవుతుంది, అది నున్నగా అయ్యాక ఇంకో పావు కప్పు, ఆ తర్వాత మిగతాది. ఇలా చేస్తే ఉండలు కట్టదు. తర్వాత నీళ్లు, ఉప్పు వేసి మరగనివ్వండి. సాస్ పలుచగానే ఉంటుంది, కంగారు పడొద్దు, ఓవెన్‌లో చిక్కబడుతుంది.

పాలల్లో పెరుగు పట్టించిన చికెన్ వేస్తే విరగవా అని అత్తమ్మ అడిగింది. వట్టి పాలైతే విరుగుతాయి. మైదాలోని పిండి పదార్థం ఉబ్బి పాల మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది, అందుకే ఈ సాస్ విరగదు. మైదా వద్దనుకుంటే అంతే కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి పాలల్లో కలిపి పోయండి.

సాస్ మరిగేలోపు గాజు గిన్నెను వేడినీళ్లతో తొలిచి తుడిచి, లోపల వెన్న రాయండి. బియ్యం సమంగా పరచండి, దాని మీద క్యారెట్, సగం మక్క గింజలు. వానాకాలంలో రోడ్డు పక్కన అమ్మే లేత కంకులు దొరికితే తెచ్చి ఒలవండి, గింజ గిల్లితే పాలు రావాలి. ముదురు గింజలు ఓవెన్‌లో మెత్తబడవు. మరిగే సాస్ నెమ్మదిగా అంతటా పోసి, చెంచా వెనక వైపుతో సమం చేయండి. చికెన్ ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పైన పేర్చి, సగం మునిగేలా కొద్దిగా నొక్కండి. డబ్బాలో మిగిలిన పెరుగు మసాలా వదిలేయకుండా ముక్కల మీదే వేయాలి, అది కూడా లెక్కలోనిదే.

ఫాయిల్ రెండు పొరలుగా వేసి అంచులు గట్టిగా నొక్కండి. మెరిసే వైపు లోపలికా బయటికా అన్న సందేహం అక్కర్లేదు, రెండూ ఒకటే. ఫాయిల్ పై కడ్డీలకు తగలకుండా చూడాలి. గిన్నెను ఓవెన్‌లో పెట్టి నలభై నిమిషాలు. మధ్యలో తలుపు తెరవొద్దు. తెరిచిన ప్రతిసారీ వేడి పోయి, వంట వెనకబడుతుంది.

ఈ నలభై నిమిషాలు పూర్తిగా మీవి. నేను గిన్నెలు కడిగేసి, పిల్లల దగ్గర కూర్చుంటాను. ఏడున్నరకు ఇల్లంతా వెన్న, ఉల్లిగడ్డ వాసన వస్తుంది.

నలభై నిమిషాలయ్యాక గిన్నె బయటికి తీసి ఫాయిల్‌ను మీకు అవతలి వైపు నుంచి ఎత్తండి. లోపలి ఆవిరి ముఖానికి కొడితే బొబ్బలెక్కుతుంది. పైన మిగిలిన మక్క గింజలు, ఛీజ్, వెన్నలో కలిపిన బ్రెడ్ పొడి చల్లి, ఫాయిల్ లేకుండా మళ్లీ పన్నెండు నిమిషాలు పెట్టండి. అంచుల దగ్గర బుడగలు వస్తూ, పైన బంగారు రంగు మచ్చలు పడాలి. ప్రాసెస్డ్ ఛీజ్ ఒక్కటే వేస్తే కరుగుతుంది గానీ సాగదు, సగం మొజరెల్లా కలిపితే రెండూ ఉంటాయి.

ఉడికిందా లేదా

వంటింటి థర్మామీటరు ఉంటే అన్నిటికంటే మందంగా ఉన్న ముక్క నడుమ గుచ్చి చూడండి, 74 డిగ్రీలు దాటాలి. లేకపోతే గిన్నె నడుమ నుంచి పెద్ద ముక్క ఒకటి తీసి కోయండి. లోపల గులాబీ రంగు ఉండకూడదు, రసం తేటగా కారాలి. అంచు ముక్కను చూసి మోసపోవద్దు, అది ముందే ఉడుకుతుంది. అన్నం కూడా నడుమ నుంచే గింజ తీసి రెండు వేళ్ల మధ్య నలపండి, నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా ఉడకాలి. అప్పుడు పావు కప్పు మరిగే నీళ్లు అంచుల వెంట పోసి, ఫాయిల్ వేసి పది నిమిషాలు పెట్టండి.

ఓవెన్ ఆపాక పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. తీసిన వెంటనే చూస్తే సాస్ పలుచగా, ఎక్కువైనట్టు కనిపిస్తుంది. చల్లబడే కొద్దీ పిండి బిగుసుకుని అన్నాన్ని పట్టుకుంటుంది. ఆగకుండా గరిటె పెడితే పొరలు చెదిరి కిచిడీలా అవుతుంది. కొత్తిమీర చల్లి, అడుగుదాకా గరిటె దింపి పొరలుగా తీయండి. పక్కన నిమ్మకాయ పిండిన ఉల్లిగడ్డ, కీర ముక్కలు చాలు. కారం కావాలనే పెద్దలకు మా ఇంట్లో పచ్చిమిర్చి తొక్కు పక్కన పెడతాను.

మధ్యలో కరెంటు పోతే

ఐదు, పది నిమిషాలైతే తలుపు తెరవకుండా ఉంచండి, లోపలి వేడి చాలావరకు నిలుస్తుంది. వచ్చాక పోయినంత సమయం కలపండి. పావుగంట దాటినా రాకపోతే ఎదురుచూడొద్దు, సగం ఉడికిన చికెన్ గోరువెచ్చగా కూర్చుంటే పాడవుతుంది. మొత్తం మందపాటి గిన్నెలోకి మార్చి, అర కప్పు వేడినీళ్లు పోసి, బిగుతుగా మూత పెట్టి కింద పెనం వేసి చిన్న మంట మీద ఉడికించండి. పైపొర రాదు గానీ భోజనం దక్కుతుంది. అసలు ఓవెన్ లేనివాళ్లు మొదటి నుంచీ ఇలాగే చేసుకోవచ్చు. అప్పుడు పెనం మీద నలభై అయిదు నిమిషాలు పడుతుంది. ఛీజ్ చివర చల్లి మూత పెడితే కరుగుతుంది, బ్రెడ్ పొడిని విడిగా వెన్నలో వేయించి వడ్డించేటప్పుడు చల్లండి.

నేను చేసే మార్పులు

సంక్రాంతి తర్వాత డబ్బాలో అడుగున మిగిలే విరిగిన సకినాలు ఈ వంటకు బాగా కుదురుతాయి. బ్రెడ్ పొడి బదులు వాటిని చేత్తో నలిపి, ఛీజ్ మీద చల్లండి. నువ్వులు, వాము ఆ మెత్తటి అన్నం మీద కరకరమంటుంటే ఆ రుచి వేరు. సకినాలు ముందే వేగినవి కాబట్టి చివరి ఆరు నిమిషాల్లోనే వేయాలి, లేకపోతే నల్లబడి చేదెక్కుతాయి. వాటిలోని ఉప్పు చూసుకుని సాస్‌లో పావు టీస్పూన్ తగ్గించండి. మా ఇంట్లో ఇప్పుడు జనవరిలో సకినాలు చుట్టేటప్పుడే కొన్ని ఈ వంట కోసం పక్కన పెడుతున్నాం.

కూరగాయల్లో నీళ్లు వదిలేవి ఉంటే లెక్క మారుతుంది. టమాటా, పుట్టగొడుగులు వేయాలనుకుంటే ముందే కడాయిలో నీరు ఇగిరేదాకా వేయించండి. పాలకూరను ఉడికించి పిండి వేయాలి. బీన్స్, క్యారెట్, పచ్చిబఠాణీకి ఈ జాగ్రత్త అక్కర్లేదు. ఆలుగడ్డ వేస్తే సన్నటి బిళ్లలుగా తరిగి అడుగున పరచండి.

మిగిలితే

ఉడికిన అన్నాన్ని రాత్రంతా బయట ఉంచడం మంచిది కాదు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తాయి, తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపు, వెడల్పు డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నెతో అలాగే పెడితే నడుమ చల్లబడటానికి చాలా సేపు పడుతుంది.

మర్నాడు వేడిచేసేటప్పుడు రెండు చెంచాల పాలు చల్లి, మూత పెట్టి, నడుమ దాకా పొగలు వచ్చేలా ఒకేసారి వేడిచేయండి. తినేంత వరకే తీసుకోండి, రెండోసారి వేడిచేయొద్దు. పిల్లల డబ్బాలోకి పంపాలంటే పొద్దున పొగలు కక్కేలా వేడిచేసి స్టీలు ఫ్లాస్కు డబ్బాలో పెట్టి పంపండి. ఫ్లాస్కులో ముందుగా అయిదు నిమిషాలు మరిగే నీళ్లు పోసి ఉంచి పారబోస్తే మధ్యాహ్నం దాకా వేడి నిలుస్తుంది.